చేతులు మాత్రమే కనబడే కిటికీ

కంప్యూటర్ల ముందు కూర్చుని రోగుల వివరాలు ఎక్కిస్తున్న పిల్లలూ, మీ పనిని తక్కువ చేసి మాట్లాడడానికి ఇది రాయడం లేదు. మీ పని నేనూ చేశాను. కాకపోతే నాకు కంప్యూటరు బదులు ఆరు చెక్క బీరువాలు, ఒక జిగురు డబ్బా, రెండు రంగుల సిరా ఉండేవి. వాటితో పాటు బోలెడంత పొగరు కూడా ఉండేది. ఆ పొగరు మీలో ఒకరిద్దరి దగ్గర మళ్లీ కనబడింది కాబట్టే కలం పట్టుకున్నాను.

అరవైల చివర్లో సంగతి. విజయనగరం అప్పటికింకా జిల్లా కాలేదు. సముద్రం ఒడ్డు పేటల వాళ్లకీ, మెట్ట పొలాల రైతులకీ, శ్రీకూర్మం వచ్చి దారిలో జబ్బు పడ్డ యాత్రికులకీ మాదే పెద్దాసుపత్రి. నేను అందులో స్టోరు గుమాస్తాని. దూది కట్టలు, ఖాళీ సీసాలు లెక్క చూసుకుంటూ, ఈ జన్మకింతేననుకుని బతుకుతున్న వాణ్ని.

ఆ రోజుల్లో ఆసుపత్రికి వచ్చినవాళ్లకి అరచేయంత చీటీ ఇచ్చేవారు. డాక్టరు దాని మీద మందు రాస్తే, మందు పుచ్చుకున్నాక ఆ చీటీ ఏమయ్యేదో దేవుడికే తెలియాలి. సగం చీటీలు చుట్టలు ముట్టించుకోడానికి పోయేవి. వారం తర్వాత అదే మనిషి వస్తే డాక్టరు "కిందటిసారి ఏం మందిచ్చాం?" అని అడిగేవారు. "ఎర్ర నీలు బావూ" అనేది జవాబు. మా ఆసుపత్రిలో సగం మందులు ఎర్ర నీళ్లే.

అలాంటి చోటికి కొత్త సూపరింటెండెంటుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, తక్కువ మాట్లాడే మనిషి. ఒకరోజు నన్ను పిలిచి, విరిగిన మంచాలు పడేసే గది తలుపు తీసి చూపించారు.

"దీన్ని ఖాళీ చేయించు. ఇకనుంచి ఆసుపత్రికి వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు మీద ఫైలు ఇక్కడుంటుంది, కార్డు వాళ్ల దగ్గరుంటుంది. ఆ మనిషి పదేళ్ల తర్వాత వచ్చినా, ఏ జబ్బు, ఏ మందు, ఏది పడదు, అన్నీ మన ముందుండాలి."

"నాకెందుకండీ ఈ పని?" అన్నాను.

"నువ్వు మొండివాడివని అందరూ చెప్పారు. నాకు మొండివాడే కావాలి" అన్నారు.

అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను అప్పటికి వినలేదు. మర్నాటినుంచి నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. వడ్రంగిని కూర్చోబెట్టి బీరువాల్లో అరలు కొట్టించాను. నంబర్లు నా చేత్తోనే రాశాను. ఇంట్లో అన్నం తింటూ కూడా నంబర్లు గొణుక్కుంటున్నానని మా అమ్మ బెంగపడి, దిష్టి తీయించింది.

ఎదురు తిరిగింది ఒక్కరే, మా కాంపౌండరు. ముప్పై ఏళ్ల సర్వీసు. మందులు కలపడం, సూదులు వేయడం, ఏడ్చేవాళ్లని నవ్వించడం, అన్నీ ఆయనే. చుట్టుపక్కల పేటల్లో ఎవరికి ఏ ఏడు ఏ జబ్బు చేసిందో మొహం చూసి చెప్పేసేవాడు. నన్ను పేరుతో పిలవడం మానేసి "రికార్డూ" అనడం మొదలెట్టాడు.

"ఏటోయ్ రికార్డూ, ఈ మొహాలన్నీ నా బుర్రలో ఉన్నాయి. నీ బీరువాలకి చెదలు పడతాయి గానీ నా బుర్రకి పట్టవు" అనేవాడు అందరి ముందూ.

నేను కాచుకు కూర్చున్నాను. ఒకరోజు ఆయన ఒక రైతుని గుర్తుపట్టి, పలకరించి, పాత మందే కలిపి ఇచ్చాడు. తీరా చూస్తే ఆ పాత మందు తాగినవాడు ఇతని అన్న. అన్నదమ్ములు అచ్చు ఒకేలా ఉన్నారు. మందు ఇంకా తాగలేదు కాబట్టి ఏమీ కాలేదు. నేను ఊరుకోవద్దూ? సూపరింటెండెంటుగారి దగ్గరికి పరుగెత్తి, సంతకం పెట్టించుకొచ్చి, సూది గది తలుపు మీద నోటీసు అంటించాను. 'మనిషిని చూసి కాదు, కార్డు చూసి మందు ఇవ్వవలెను.' కాంపౌండరు అది రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను గెలిచాననుకున్నాను.

నా గెలుపుకి ఇంకో గుర్తు కూడా ఉండేది, నా గది కిటికీ. జనం తలలు లోపలికి దూర్చి ప్రశ్నలు వేస్తున్నారని మామూలు కిటికీ మూయించి, నడుమెత్తులో జానెడు కంత కొట్టించాను. అందులోంచి ఒక చెయ్యి కార్డు పెడుతుంది. నేను నంబరు చూసి ఫైలు తీసి డాక్టరుగారి గదికి పంపుతాను. ఒక చెయ్యి వెళ్లగానే ఇంకో చెయ్యి. పని చకచకా సాగిపోయేది. నెలల తరబడి ఆ కంత ముందు కూర్చుని నేను ఒక్క రోగి మొహం చూడలేదు, చూడాలని అనిపించనూ లేదు.

ఆమె మాత్రం మొదట కంతలోంచి రాలేదు. వరండాలో పడిపోయి కనబడింది.

చేపలమ్ముకునే మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. జెల్ల చేప ముల్లు గుచ్చుకుని పాదం వాచిపోతే వచ్చింది. పెన్సిలిన్ సూది వేశారు. గుమ్మం దాటి పది అడుగులు వేసిందో లేదో, ఊపిరాడక కూలిపోయింది. పెదాలు నల్లబడిపోయాయి. సూపరింటెండెంటుగారు పరుగున వచ్చి అక్కడే నేల మీద కూర్చుని ఇంకో సూది వేసి, గంటసేపు ఆమె చెయ్యి వదల్లేదు. బతికింది. ఆయన లేచి నా గదికి వచ్చారు. చొక్కా అంతా తడిసిపోయి ఉంది.

"ఈమెకి జన్మలో మళ్లీ పెన్సిలిన్ వేయకూడదు. వేస్తే ఈసారి నేను కూడా కాపాడలేను. కళ్లు మూసుకున్నవాడికి కూడా కనబడేలా రాయి" అన్నారు.

గాలిపటాలకి వాడే ఎర్ర కాగితం తెప్పించి, ఆమె ఫైలుకీ కార్డుకీ అడ్డంగా పట్టీ అంటించి, మీద నల్ల సిరాతో రాశాను. నాలుగో రోజు ఆమె ఇంటికి వెళ్తుంటే, నా గదిలోంచి బయటికి వచ్చి మరీ కార్డు చేతిలో పెట్టాను.

"అమ్మా, నువ్వు యముడి దాకా వెళ్లి వచ్చావు. ఈ కార్డే నీ ప్రాణమనుకో. ఇది దగ్గరున్నంతకాలం నీకేమీ కాదు" అన్నాను.

ఆమె కార్డుని కళ్లకద్దుకుని కొంగున కట్టుకుంది. "అలాగే బావూ. సేపల గంప వొగ్గీసినా దీన్ని వొగ్గను" అంది.

పిల్లలూ, నేను అన్న ఆ మూడు ముక్కలూ గుర్తుపెట్టుకోండి. మా ఆసుపత్రిలో అంతకు మించిన తప్పు నేను ఇంకేదీ చేయలేదు.

తర్వాత రెండు నెలల్లో ఆ ఎర్రపట్టీ కార్డు నా కంతలోంచి పదిసార్లకి పైగా వచ్చింది. జ్వరమని ఒకసారి, కడుపు నొప్పని ఒకసారి, కళ్లు పుసులు కడుతున్నాయని ఇంకోసారి. నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. పైగా సూపరింటెండెంటుగారి దగ్గరికి ఫైలు పట్టుకెళ్లి, "చూడండి, చదువురాని మనిషి కూడా ప్రతిసారీ కార్డు తెస్తోంది. మన పద్ధతి జనానికి ఎక్కింది" అని గొప్పలు పోయాను. ఆయన పని తొందరలో తల ఊపారు.

ఆ రోజు సోమవారం. సూపరింటెండెంటుగారు ఏదో కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి వెళ్లారు. కొత్తగా చేరిన డాక్టరు ఒక్కరే అందరినీ చూస్తున్నారు. వరండా కిటకిటలాడుతోంది. నా కంతలోకి ఎర్రపట్టీ కార్డు వచ్చింది. ఫైలు తీశాను. లోపలి కాగితం నిండిపోయి, రాయడానికి చోటు లేదు. కొత్త కాగితం వేసి, మొదటి వరస దించుకుంటున్నాను. స్త్రీ, వయసు ముప్పై రెండు. అలా రాస్తూ కంత వైపు చూస్తే, అక్కడ ఆనించి ఉన్న చెయ్యి మగవాడిది. వల తాళ్లు లాగిలాగి కాయలు కాసిన మోటు చెయ్యి.

ఆ గదిలో కూర్చున్నాక మొదటిసారి వంగి, కంతలోంచి పైకి చూశాను. మీసాలవాడు, జ్వరంతో వణుకుతున్నాడు, దుప్పటి కప్పుకున్నాడు.

"ఈ కార్డు ఎవరిది?" అన్నాను.

"మా వొదినది బావూ. మంచి కార్డు."

"మంచి కార్డేమిటి?"

"యముడి కాడికెల్లి తిరిగొచ్చిన కార్డు కదా. మా పేటలో ఎవులికి ఒల్లు బాగోపోయినా దీన్నే అట్టుకొస్తాం. మొన్న మా మావకీ దీంతోనే తగ్గినాది."

తొందరలో ఉన్న డాక్టర్లు కూడా ఫైలు పైవరస చూడలేదన్నమాట. "మీ వదినేది?"

"ఆవిడా వొచ్చినాది. మెడ మీద సెగ్గడ్డ లేసినాది. మా ఆడదాని కార్డట్టుకుని వొచ్చీసినాది. అదుగో, సూది గది కాడ ఉన్నాది."

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను లేచిపోయాను. బీరువాకి తగిలి జిగురు డబ్బా దొర్లింది, చెప్పు తెగింది, వరండాలో కూర్చున్నవాళ్లని తొక్కుకుంటూ, తిట్లు తింటూ పరుగెత్తాను. నా గదికీ సూది గదికీ మధ్య ముప్పై అడుగులే. నా జీవితంలో అంత దూరం మళ్లీ ఎప్పుడూ నడవలేదు. నా మెదడులో ఒకటే తిరుగుతోంది. ఆమె చేతిలో ఉన్నది శుభ్రమైన కార్డు. దాని మీద ఏ పట్టీ లేదు. డాక్టరు పెన్సిలిన్ రాసి ఉంటారు. కాంపౌండరు కార్డు చూస్తాడు, మనిషిని చూడడు. చూడొద్దని నేనే నోటీసు పెట్టాను.

తలుపు తోసి చూసేసరికి ఆమె బల్ల మీద కూర్చుని ఉంది, రవిక చెయ్యి పైకి మడిచి. జబ్బ మీద స్పిరిటు దూది రాసిన తడి. పక్కన మందు కలిపిన సీసా. ఆమెకీ కాంపౌండరుకీ మధ్య వెళ్లి నిలబడి, చేతులు అడ్డం పెట్టాను.

కాంపౌండరు చేతిలో సిరంజి లేదు. ఆయన స్టవ్ దగ్గర నిలబడి, గిన్నెలో ఉడుకుతున్న సూదుల్ని చూస్తున్నాడు.

"పెన్సిలిన్..." అన్నాను. "ఆవిడే... ఎర్రపట్టీ ఆవిడే."

ఆయన స్టవ్ ఆర్పి, పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మొహం చూడగానే ఆవిడేననిపించింది" అన్నాడు చాలా మెల్లగా. "కార్డు చూస్తే పట్టీ లేదు, పేరు వేరు. మొహం నమ్మొద్దని నువ్వు తలుపు మీద రాయించావు. ఏటి చేయాలో తెలీక, ఉడికిన సూదినే మళ్లీ ఉడకబెడతన్నాను. ఇది మూడోసారి."

బయట వరసలో ఉన్నవాళ్లు ఆలస్యమవుతోందని గొణుగుతున్నారు. ఆ ముసలాయన అనుమానమే ఆమెను కాపాడింది. నా పద్ధతి కాదు.

నాకు భయం దిగి, కోపం వచ్చింది. నా మీద నాకు రావలసిన కోపం ఆమె మీద చూపించాను.

"నీకు బుద్ధుందా? అది నీ ప్రాణమని చెప్పానా లేదా? దాన్ని ఇంకొకళ్లకి ఎలా ఇచ్చావు?"

ఆమె నా వైపు తెల్లబోయి చూసింది. నేను దేనికి అరుస్తున్నానో ఆమెకి నిజంగా అర్థం కాలేదు.

"నా పానమని మీరన్నారు కాబట్టే ఇచ్చీసినాను బావూ" అంది. "నాకు ఉత్త సెగ్గడ్డ. ఆడికి రొమ్ములో జొరం, మూడు దినాల నుంచి తిండి నేదు. నా కడుపున పుట్టినోడి లాగ సాకినాను. ఆడికి కావాల్సినప్పుడు నాకాడ దాసుకుంటానేటి?"

కాంపౌండరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను వెళ్లి కొత్త డాక్టరుకి అంతా చెప్పాను. ఆమెకి వేరే మందు రాశారు. మరిదికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. అతనికి కావలసింది పెన్సిలినే. నా ఎర్రపట్టీ అతని కేసులో ఉండిపోతే ఆ మందు అతనికి అందేది కాదు. ఒక్క కార్డుతో రెండు చావులు తెచ్చిపెట్టేవాణ్ని. నా గదికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గట్టిగానే ఏడ్చాను.

సాయంత్రం సూపరింటెండెంటుగారు కోర్టునుంచి రాగానే వెళ్లి నిలబడ్డాను. "ఈ పని నావల్ల కాదండీ. పాత చీటీలే నయం. నన్ను స్టోరుకి పంపించేయండి" అన్నాను.

ఆయన మొత్తం విన్నారు. కోప్పడలేదు. "నీ కార్డు అబద్ధం చెప్పలేదు. నువ్వే ఎవరినీ ఏమీ అడగలేదు. మానేస్తే ఆమెను మళ్లీ గాలికి వదిలేసినట్టే. రేపటినుంచి ఏమడుగుతావో కాంపౌండరుతో కూర్చుని రాసుకుని రా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే చేసిన మొదటి పని, వడ్రంగిని పిలిచి ఆ కంతను రంపంతో కోయించడం. మనిషి తలా భుజాలూ కనబడేంత కిటికీ పెట్టించాను. రెండో పని, సూది గది తలుపు మీది నోటీసు నా గోళ్లతో నేనే గీకేశాను. జిగురు గట్టిది, నేను తయారుచేసిందే. చాలాసేపు పట్టింది. కాంపౌండరు కాసేపు చూసి, తడిగుడ్డ తెచ్చి ఇచ్చాడు.

"మొహం నేను చూస్తాను, కార్డు నువ్వు చూడు. రెండూ కలిస్తేనే మందు. సరేనా?" అన్నాడు. సరేనన్నాను.

ఆ ఆదివారం ఇద్దరం సైకిళ్ల మీద ఆమె పేటకి వెళ్లాం. వలలు ఆరబెట్టే పాక నీడలో చాప పరిచి, కార్డులన్నీ తెచ్చి వేయమన్నాం. అబ్బ, ఆ గోల ఏం చెప్పను.

"ఒసే, నా కార్డు నీకాడుందేటే?"

"నీది నాకాడ నేదు, మా అత్తకాడున్నాది."

ఒక పెద్దాయన కార్డయితే ఊళ్లోనే లేదు. "సాలూరులో మా అల్లుడికి జొరమొస్తే లారీలో అంపించీసినాం బావూ. ఇంకా తిరిగి రానేదు" అన్నాడు, అదేదో పెళ్లికి వెళ్లిన చుట్టం సంగతైనట్టు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. కాంపౌండరు మొహం చూసి పాత జబ్బు చెప్పడం, నేను ఫైలుతో సరిచూసి కార్డు చేతికివ్వడం. ఆయన బుర్రలో ఉన్నదంతా ఆ ఒక్కరోజులో నా కాగితాల మీదికి ఎక్కింది. ఒక్క తప్పు దొరుకుతుందేమోనని ఆశగా చూశాను. దొరకలేదు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆమె దగ్గరికి వెళ్లి బతిమాలాను. "అమ్మా, ఎవరడిగినా ఇవ్వకు. నీకు దణ్ణం పెడతాను."

"అడిగినోలికి నేదనడం నాకు సేతకాదు బావూ" అంది నిజాయితీగా. "ఇవ్వనని ఒప్పుకుంటే అబద్దమాడినట్టవుతాది."

ఇక చేసేదేముంది? తిరిగి వచ్చేశాం.

తర్వాత శ్రీకూర్మం తిరునాళ్లు అయ్యాయి. అవి అయిన మూడో రోజు నా కొత్త కిటికీలోంచి ఒక మొహం లోపలికి తొంగి చూసింది. ఆమే. కార్డు పెట్టలేదు. రవిక చెయ్యి పైకి లాగి, ఎడమ జబ్బ నా ముందు పెట్టింది. సూది వేసే చోట పచ్చబొట్టు, ఇంకా వాపు తగ్గని కొత్త పచ్చబొట్టు. తేలు బొమ్మ.

"ఏమిటమ్మా ఇది?"

"కార్డయితే ఎవులికైనా ఇచ్చీగలను. దీన్నయితే ఇవ్వలేను కదా" అంది. "సూది ఏసినోడు ఎవుడైనా ముందల జబ్బట్టుకుంటాడు. తేల్ని సూస్తే ఆగుతాడు. ఎందుకని అడుగుతాడు. అడిగితే నాను సెప్తాను."

నేను ఆరు బీరువాలతో, రెండు రంగుల సిరాతో చేయలేనిది ఆమె తిరునాళ్లలో పచ్చబొట్ల మనిషి దగ్గర కూర్చుని చేయించుకొచ్చింది. కాంపౌండరుని కేకేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"రాసుకోవోయ్ రికార్డూ" అన్నాడు.

రాసుకున్నాను. ఆమె ఫైలులో, 'ఎడమ జబ్బపై తేలు పచ్చబొట్టు' అని. ఆ రోజే ప్రతి ఫైలులోనూ ఇంకో వరస కలిపాను, ఒంటి మీది గుర్తులు. దాంతో ప్రతి మనిషినీ తలెత్తి చూడక తప్పేది కాదు. నేను రిటైరయ్యేదాకా ఆ వరస తీసేయనివ్వలేదు. కాంపౌండరు రిటైరైన రోజున తన కళ్లజోడు నా బల్ల మీద మరిచిపోయాడు. ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్తే, నువ్వే ఉంచుకో, నీకే అవసరం అన్నాడు.

ఇక మొన్నటి సంగతి. బీపీ బిళ్లల కోసం ఆసుపత్రికి వెళ్లి, మీ కంప్యూటరు కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలామె. జుట్టు తెల్లగా దూదిలా ఉంది. కౌంటరులో అమ్మాయి చురుకైనదే, వేళ్లు టకటకా ఆడుతున్నాయి. పేరు అడిగింది, ఊరు అడిగింది, వయసు అడిగింది. ఒక్కసారి కూడా తెర మీంచి కళ్లు తీయలేదు.

"ఏ మందైనా పడదా మామ్మా?" అంది.

ఆ అమ్మాయి వేళ్లు ఆగాయి. మళ్లీ అడిగింది. ముసలామె రవిక చెయ్యి మెల్లగా పైకి లాగి, ముడతలు పడ్డ జబ్బను కౌంటరు మీద పెట్టి, కదలకుండా నిలబడింది.

"ఇటు సూడమ్మా" అంది. "సూసి రాసుకో."

అమ్మాయి తల ఎత్తి చూసింది. పాతబడి, ఆకుపచ్చగా మారిన తేలు.

"ఇదేంటి మామ్మా, ఎందుకు వేయించుకున్నావు?" అని అడిగింది.

ముసలామె చెప్పడం మొదలుపెట్టింది. నా వెనక వరసలో ఉన్నవాళ్లు ఆలస్యమవుతోందని గొణిగారు. నేను వెనక్కి తిరిగి, కాసేపు ఆగండి అన్నాను.